స్కూల్ ఫారంలో 'రేస్' గడి: మీరంతా ఏం రాశారు?

సిరిమల్లె (షార్లెట్, నార్త్ కరోలినా)
అందరికీ నమస్కారం. మా బాబుని కిండర్‌గార్టెన్‌లో చేర్పిస్తున్నాం. రాత్రి వాడు పడుకున్నాక ఫారం నింపుతూ కూర్చున్నాను. పేరు, పుట్టినరోజు, టీకాలు అన్నీ అయ్యాయి. 'రేస్' దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఐదు గడులున్నాయి. వైట్, బ్లాక్, ఏషియన్, అమెరికన్ ఇండియన్, హవాయి-పసిఫిక్ దీవులవాళ్ళు. మా అత్తయ్య పక్కనుంచి చూసి "ఇండియన్ అని ఉందిగా, దానికే టిక్ పెట్టమ్మా" అన్నారు. అది ఇక్కడి ఆదివాసుల గడి అని చెప్పాను. "అయితే చైనావాళ్ళూ మనమూ ఒకటేనా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పొద్దున స్కూల్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందని అడిగాను. మీరు నింపకపోతే మేమే పిల్లాడిని చూసి నింపుతాం అంది ఆవిడ, చాలా మర్యాదగానే. రూల్ అదేనట. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఐదేళ్ళ పిల్లాడిని పైనుంచి కిందకి చూసి, వీడు ఫలానా అని రాసుకోవడం ఏమిటి? మీరంతా ఏం రాశారు? అసలు ఈ గడులు ఎవరు గీశారు?

వెంకట్_ఏలూరు
ఇందులో టెన్షన్ పడాల్సింది ఏముందండీ? ఏషియన్ అని పెట్టేయండి, అందరం అదే పెట్టాం. చూసి నింపడంలో కూడా నాకు తప్పు కనిపించట్లేదు. ఆఫ్రికా మనిషికీ, చైనా మనిషికీ, జర్మనీ మనిషికీ తేడా కళ్ళకి కనిపిస్తూనే ఉంది. ఈమధ్య 'రేస్ అనేది మనుషులు కల్పించిందే' అని ఎక్కడ చూసినా రాస్తున్నారు. ఎదురుగా ఉన్నదాన్ని లేదంటే ఎలా?

పశువుల_డాక్టరు (ఒంగోలు)
వెంకట్ గారూ, తేడాలు లేవని ఎవరూ అనట్లేదు. ఆ తేడాల్ని పట్టుకుని మనుషుల్ని నాలుగైదు గుంపులుగా విడగొట్టొచ్చా అన్నదే ప్రశ్న. నేను ముప్పై ఏళ్ళుగా ఒంగోలు జాతి పశువులతోనే బతుకుతున్నాను కాబట్టి నాకు తెలిసిన దాంట్లోంచే చెబుతాను.

ఒంగోలు గిత్త ఇవాళ అలా ఉందంటే రైతు దాన్ని అలా నిలబెట్టాడు. మూపురం, గంగడోలు, తెల్లటి ఒళ్ళు చూసి ఒక కోడెని ఆబోతుగా ఉంచుతాం, మిగతా కోడెలకి విత్తులు నొక్కించేస్తాం. తరాల తరబడి ఆ కాపలా ఉంటేనే జాతి నిలుస్తుంది. కొన్ని తరాలు వదిలేస్తే ఊరి పశువుల్లో కలిసిపోతుంది. మనుషుల మీద అలాంటి కాపలా పెట్టాలని చాలామంది చూశారు గానీ ఎక్కడా సాగలేదు. మనుషులు నడిచారు, పడవలెక్కారు, కలిశారు. 1972లో రిచర్డ్ లెవొంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త దీన్ని లెక్కగట్టాడు. మనుషుల్లో ఉన్న మొత్తం జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే ఉంది. 'రేసు'కీ 'రేసు'కీ మధ్య తేలింది ఆరు శాతం చిల్లర. పైగా ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ వైవిధ్యం ఉన్నది ఆఫ్రికా లోపల. ఫారంలో దాన్నంతా కలిపి ఒకే గడిలో పెట్టారు.

సికిల్‌సెల్ అనే రక్తం జబ్బు సంగతి కూడా చూడండి. అమెరికాలో దాన్ని చాలాకాలం నల్లవాళ్ళ జబ్బు అనుకున్నారు. మన పాడేరు ఏజెన్సీలో, ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఎంతమంది పిల్లలు దానితో ఆస్పత్రికి వస్తారో అక్కడి డాక్టర్లని అడగండి. గ్రీసులో కూడా ఉంది. తరతరాలుగా మలేరియా ఉన్నచోట ఆ జన్యువు నిలబడింది. దోమ వెంట పోయింది గానీ ఒంటి రంగు వెంట పోలేదు.

పాతకాగితాలు
సిరిమల్లె గారూ, ఈ గడులు ఎవరు గీశారని అడిగారు కదా. మనవాళ్ళ వరకు ఆ కథ అమెరికా సుప్రీంకోర్టులోనే జరిగింది. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1790లో అమెరికా పౌరసత్వ చట్టం చేసినప్పుడు, బయటినుంచి వచ్చినవాళ్ళలో 'స్వేచ్ఛ కలిగిన తెల్లవాళ్ళు' మాత్రమే పౌరులు కావచ్చని రాశారు. అంతర్యుద్ధం అయ్యాక 1870లో ఆఫ్రికా మూలాలవాళ్ళని కూడా చేర్చారు. మిగతావాళ్ళు పౌరులు కావాలంటే తాము తెల్లవాళ్ళమని కోర్టులో నిరూపించుకోవాలి. తెలుపంటే ఏమిటో మాత్రం చట్టంలో ఎక్కడా రాయలేదు.

1922 నవంబరులో తకావో ఒజావా అనే జపాన్ ఆయన కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అమెరికాలోనే చదువుకున్నాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతారు, తన ఒంటి రంగు చాలామంది యూరప్ వాళ్ళకన్నా తెలుపని వాదించాడు. రంగుతో పని లేదు, తెల్లవాళ్ళంటే శాస్త్రం 'కాకేసియన్' అనేవాళ్ళు, నువ్వు కాదు పొమ్మంది కోర్టు. మూడు నెలలు తిరిగాక, 1923 ఫిబ్రవరి 19న, భగత్ సింగ్ థింద్ కేసు. పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. మీ శాస్త్రం ప్రకారమే ఉత్తర భారతీయులు కాకేసియన్లు కదా, మరి నేను తెల్లవాణ్ణే అన్నాడు. అప్పుడదే కోర్టు, శాస్త్రంతో పని లేదు, మామూలు తెల్లమనిషి ఎవరిని తెల్లవాడనుకుంటాడో వాడే తెల్లవాడు అంది. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, జార్జ్ సదర్లాండ్. ఆయన ఇంగ్లండ్‌లో పుట్టి చిన్నప్పుడు వలస వచ్చినవాడే.

నేను ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసార్లు చదివాను. రంగు అడ్డొస్తే శాస్త్రం, శాస్త్రం అడ్డొస్తే లోకం మాట. జవాబు ముందే రాసుకుని ఉన్నారు.

ఆ తీర్పుతో, అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలు కూడా లాక్కోవడం మొదలుపెట్టారు. వైష్ణో దాస్ బగాయ్ అని శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకునే ఆయన ఉండేవారు. బ్రిటిష్ పాలన భరించలేక 1915లో భార్యాపిల్లలతో వచ్చేసి, 1921లో పౌరుడయ్యారు. పౌరసత్వం పోయేసరికి, విదేశీయులు భూమి కొనకూడదనే కాలిఫోర్నియా చట్టం కింద ఇల్లూ దుకాణమూ పోయాయి. ఇండియా చూసి రావాలంటే బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకోమన్నారు. దేన్నైతే వదిలించుకుని వచ్చారో దాన్నే. 1928లో గ్యాస్ తిప్పుకుని చనిపోయారు. ఆయన రాసిపెట్టిన ఉత్తరం అక్కడి పేపర్లో అచ్చయింది.

మనవాళ్ళలో ఒకరు సరిగ్గా ఆ 1923లోనే బోస్టన్‌లో దిగారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. రాత్రిపూట ఆస్పత్రిలో పోర్టరు పని చేస్తూ చదువుకున్నారు. ఆయన పనిచేసిన మందులు ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. 1946లో చట్టం మార్చి భారతీయులకి పౌరసత్వం తెరిచేదాకా, అదీ ఏడాదికి వంద మంది వలస కోటాతో, ఆయనకి ఆ దారే లేదు. పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు.

సిరిమల్లె
మా అత్తయ్యది భీమవరమే. చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా ఊరి పేరు చెప్పుకోవడానికి ఆయన్నే చెప్పుకుంటాం, ఈ సంగతి ఎవ్వరూ చెప్పలేదే" అన్నారు.

వెంకట్_ఏలూరు
పాతకాగితాలు గారూ, నాకు నిజంగానే తెలియదు ఇదంతా. కానీ అవి పాత రోజులు. పక్షపాతం ఉన్న జడ్జి తప్పు తీర్పు రాశాడు, అంతమాత్రాన రేస్ లేదని ఎలా తేలుతుంది? డాక్టర్లు కూడా రేస్ చూస్తారుగా. మా బావగారి ల్యాబ్ రిపోర్టులో నేనే చూశాను, 'ఆఫ్రికన్ అమెరికన్ అయితే ఇంత' అని వేరే అంకె ఉండేది. సైన్సులో లేనిదే రిపోర్టులో ఎందుకుంటుంది?

డయాలిసిస్_నర్స్ (అట్లాంటా)
వెంకట్ గారూ, మీరు చూసిన ఆ రిపోర్టుతోనే నేను పదకొండేళ్ళు పనిచేశాను, అందుకే ఆగలేక రాస్తున్నాను.

కిడ్నీ ఎంత పనిచేస్తుందో చెప్పడానికి రక్తంలో క్రియాటినిన్ (కండ నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ దాన్ని వడపోస్తుంది) చూసి, వయసూ ఆడామగా వేసి ఒక సూత్రంతో అంకె తీస్తారు. అంకె ఎంత తగ్గితే కిడ్నీ అంత పాడైనట్టు. నల్లవాళ్ళకి కండ ఎక్కువ, అందుకే క్రియాటినిన్ ఎక్కువగా కనిపిస్తుందని ఒక నమ్మకం. దాంతో మనిషి నల్లవాడైతే వచ్చిన అంకెని ఇంకొంచెం పెంచమన్నారు. 2009 సూత్రంలో అది 1.159తో హెచ్చవేయడం. ఇప్పుడు చూడండి. కిడ్నీ మార్పిడి వెయిటింగ్ లిస్టులో టైము లెక్కలోకి రావాలంటే ఆ అంకె 20కి పడిపోవాలి. ఇద్దరు మనుషులు, ఒకే వయసు, ఒకే రక్తం రిపోర్టు. ఒకరికి 18 వచ్చింది, లిస్టులోకి ఎక్కారు. రెండో ఆయన నల్లవాడు, 18ని 1.159తో గుణిస్తే దాదాపు 21. ఇంకా టైముంది, తర్వాత రండి అన్నారు.

ఆ మనిషి నల్లవాడని ఎవరు తేల్చారో తెలుసా? రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి టిక్ పెట్టింది. ఎవరూ కండ కొలవలేదు. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన ఎంత సన్నగా ఉండేవారంటే, ఫిస్టులా చేయి (డయాలిసిస్ సూదులు గుచ్చే చేయి) పట్టుకుంటే నా వేళ్ళు చుట్టూ తిరిగి కలిసేవి. ఆయన రిపోర్టులో కూడా 'కండ ఎక్కువ' అన్న లెక్కే. ఆయన తల్లి తెల్లావిడ. ఆ సగాన్ని ఏ సూత్రమూ అడగలేదు.

2021లో ఆ హెచ్చవేత తీసేశారు. 2023 నుంచి, దానివల్ల వెనకబడిన నల్ల పేషెంట్లకి పోయిన టైము తిరిగి కలపాలని దేశమంతా రూల్ పెట్టారు. వేల మందికి కలిసింది. మా పెద్దాయన అప్పటికి లేరు. రేస్ జన్యువుల్లో లేదంటే నేను ఒప్పుకుంటాను. అసలు లేదంటే ఒప్పుకోను. ఆయన్ని చంపింది నా కళ్ళ ముందు ఉంది.

వెంకట్_ఏలూరు
ఇది చదివాక ఏం రాయాలో తెలియట్లేదండీ. ఆ అంకెని నేను సైన్సే అనుకున్నాను.

బాపట్ల_తీరం
పశువుల డాక్టరు గారు 'జాతి' అన్న మాట వాడారు. తెలుగులో రేస్‌కి మనకున్న మాట అదే. గిత్తకీ జాతే, మామిడిపండుకీ జాతే, తెలుగువాళ్ళూ జాతే. మా ఇంట్లో ఆ మాట వినిపిస్తే మాత్రం పెద్దవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. మేం ఎరుకలవాళ్ళం. మా తాతది స్టువర్టుపురం. సర్కారు కాగితాల్లో ఆయన 'నేర జాతి'.

మా ముత్తాతల పని దొంగతనం కాదు. కోస్తాలో ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకి పోయి, ధాన్యంతో మార్చుకుని వచ్చేవాళ్ళు. ఉప్పుని తెల్లదొర తన గుప్పిట్లో పెట్టుకున్నాడు, సరుకు రైలెక్కింది. తిరిగే మనిషికి తిరగడానికి పని లేకుండా పోయింది. పని లేకుండా తిరుగుతున్నాడు కాబట్టి దొంగ అన్నారు. 1871లో ఉత్తరాదికి చేసిన నేరజాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. 1913లో స్టువర్టుపురం కట్టి సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు. ఊరికి పేరు కూడా మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ దొరది. హాజరీ వేయించుకోవాలి. పాస్ లేకుండా పొలిమేర దాటకూడదు. నేరం చేశాడా లేదా అన్న ప్రశ్నే లేదు, పుట్టుకే చాలు. దానికి కొన్నేళ్ళ ముందే మద్రాసు మ్యూజియంలో ఎడ్గార్ థర్స్టన్ అనే దొర కొలకర్ర పట్టుకుని మనుషుల ముక్కులు కొలిచి పుస్తకాల్లో ఎక్కించాడు. కొలతకీ చట్టానికీ ఎక్కడా అతకదు, కానీ రెండూ చేసింది ఒకే సర్కారు.

దేశమంతటా ఆ చట్టాన్ని 1952లో రద్దు చేశారు. ఆ మర్నాటి నుంచి మేం 'విముక్త జాతి'. ఇప్పుడు నా సర్టిఫికెట్లో షెడ్యూల్డ్ తెగ. మూడు పేర్లు పెట్టారు, మూడుసార్లూ మమ్మల్ని అడగలేదు. మా నాన్న చిన్నప్పుడు ఊళ్ళో ఎక్కడ ఏది పోయినా మా పేటకే వచ్చేవాళ్ళట. చట్టం పోయి ఇరవై ఏళ్ళయ్యాక కూడా.

డర్బన్_డైరీ
బాపట్ల తమ్ముడూ, నువ్వు రాసింది చదివి చేతులు వణికాయి. నేను ఉద్యోగం మీద దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చి తొమ్మిదేళ్ళు. ఇక్కడి తెలుగువాళ్ళ ముత్తాతలు చెరుకు తోటల్లో గిర్మిట్ (ఒప్పందం) కూలీలుగా వచ్చారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి ఓడ. విశాఖ, గంజాం వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది.

మేముండే చాట్స్‌వర్త్‌లో పక్కింట్లో ఒక అవ్వ ఉంటుంది. తెలుగు అర్థమవుతుంది, పాటలు పాడుతుంది, మాట్లాడటం మాత్రం తక్కువ. ఆమె పుట్టింది కేటో మానర్‌లో. 1950లో ఒకే ఏడాది రెండు చట్టాలొచ్చాయి. మనిషిని ఏ రేసో రాసి పెట్టేది ఒకటి, ఆ రేసువాళ్ళు ఎక్కడుండాలో చెప్పేది రెండోది. ఆ రెండో చట్టం కింద ఆ ఇల్లు ఖాళీ చేయించి ఇక్కడికి తెచ్చి పడేశారు. అవ్వ ఇల్లు గురించి ఏమీ అనదు. మామిడిచెట్టు గురించే చెబుతుంది. కాయలు చేతికి వచ్చే నెలలోనే లారీ వచ్చిందట.

ఆ మొదటి చట్టంలో తెల్లవాడంటే ఏమని రాశారో తెలుసా? చూడటానికి తెల్లవాడిలా కనిపించేవాడు, లేదా అందరూ తెల్లవాడని ఒప్పుకునేవాడు. అంతే. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ పెట్టేవాళ్ళు. జారి పడితే ఒక రేస్, ఇరుక్కుంటే ఇంకో రేస్. సాండ్రా లైంగ్ అనే అమ్మాయి తల్లీ తండ్రీ ఇద్దరూ కాగితాల మీద తెల్లవాళ్ళే. ఆ పిల్ల కాస్త నల్లగా, ఉంగరాల జుట్టుతో పుట్టింది. 1966లో పదేళ్ళ పిల్లని స్కూల్ నుంచి పోలీసులొచ్చి తీసుకెళ్ళారు, కాగితాల్లో 'కలర్డ్' (మిశ్రమ జాతి) అని మార్చేశారు. మరుసటేడు చట్టంలో మాట మారితే మళ్ళీ తెల్లపిల్ల అయింది. తెల్ల స్కూళ్ళు మాత్రం చేర్చుకోలేదు. ఏటా ఎంతమంది ఏ రేసు నుంచి ఏ రేసుకి మారారో పార్లమెంటులో లెక్క చెప్పేవారు. జపాన్‌తో వ్యాపారం కావాల్సి వచ్చింది కాబట్టి జపాన్ వాళ్ళకి తెల్లవాళ్ళ హోదా ఇచ్చారు. చైనావాళ్ళకి ఇవ్వలేదు. సిరిమల్లె గారి అత్తయ్యగారు అడిగిన ప్రశ్నకి ఈ దేశం చెప్పిన జవాబు అది.

నీలిజెండా (వరంగల్)
థింద్ కథలో ఒక ముక్క మిగిలిపోయింది, అది చెప్పకపోతే మనకి మనం అబద్ధం చెప్పుకున్నట్టే. ఆయన తరఫున కోర్టులో పెట్టిన వాదన ఏమిటి? నేను పై కులం ఆర్యుణ్ణి. అమెరికా తెల్లవాడు నీగ్రోని పెళ్ళి విషయంలో ఎలా చూస్తాడో, పై కులం హిందువు ఇండియాలోని ఆదివాసిని అలాగే చూస్తాడు. కాబట్టి నన్ను మీలో కలుపుకోండి. గోడ పడగొట్టమని కాదు, తలుపు తీయమని అడిగారు. అడగడానికి చూపించిన అర్హత మా వాళ్ళని అంటరానివాళ్ళుగా పెట్టడం. ఆ తీర్పు అన్యాయమే. బగాయ్ గారి చావు చదివి నేనూ ఏడ్చాను. అయినా ఆ వాదనని మర్చిపోను.

కులమూ రేసూ ఒకటేనని నేననను. అంబేడ్కర్ 1936లోనే స్పష్టంగా రాశారు, పంజాబ్ బ్రాహ్మణుడికీ పంజాబ్ చమార్‌కీ జాతిపరంగా తేడా లేదని, కులం రక్తాన్ని బట్టి ఏర్పడింది కాదని. రంగు తేడా లేకుండానే ఇంత కట్టుదిట్టంగా మనుషుల్ని విడగొట్టొచ్చని మన దేశమే చూపించింది. వెంకట్ గారు మొదట్లో 'కళ్ళకి కనిపిస్తోంది' అన్నారు. మా ఊళ్ళో ఏమీ కనిపించదు. అందుకే ఇంటిపేరు అడుగుతారు, ఏ వాడ అని అడుగుతారు.

2001లో ఐక్యరాజ్యసమితి జాత్యహంకారం మీద పెద్ద సభ పెట్టింది, అదీ డర్బన్‌లోనే. దళిత సంఘాలు కులం గురించి మాట్లాడతామని వెళితే, కులం రేస్ కాదు కాబట్టి ఇక్కడ చర్చ వద్దని మన ప్రభుత్వమే అడ్డుపడింది. కులాన్ని అమెరికా సుప్రీంకోర్టులో రేస్ అని వాడుకోవచ్చు, సభలో మాత్రం కాదట.

వెంకట్_ఏలూరు
అన్నా, ఒప్పుకుంటున్నాను. ఒక్కటే అడుగుతాను, వాదన కోసం కాదు. ఇదంతా మనుషులు గీసిన గీతే అయితే, ఫారంలోంచి ఆ గడులే తీసేయొచ్చు కదా? ప్రతి పిల్లాడి దగ్గరా ఇంకా ఎందుకు అడగడం?

డయాలిసిస్_నర్స్
గడి లేకపోతే ఆ హెచ్చవేత ఎంతమందిని వెనక్కి నెట్టిందో ఎవరూ లెక్కపెట్టలేకపోయేవారు. పోయిన టైము ఎవరికి కలపాలో కూడా తెలిసేది కాదు.

పాతకాగితాలు
నర్స్ గారు చెప్పింది నిజం. కాకపోతే ఏది ముందు అన్నది కూడా చూడాలి వెంకట్ గారూ. ఇంగ్లండ్ ఆచారం ప్రకారం బిడ్డకి తండ్రి హోదా వస్తుంది. 1662లో అమెరికాలోని వర్జీనియా వలసరాజ్యంలో దాన్ని తిరగేసి, బిడ్డ తల్లి హోదాలోనే ఉంటాడని చట్టం చేశారు. యజమాని బానిస స్త్రీకి బిడ్డని కంటే ఆ బిడ్డ వారసుడు కాడు, ఆస్తి అవుతాడు. రంగు చూసి ఆ చట్టం పుట్టలేదు, పనిచేసే చేతులు కావాల్సి వచ్చి పుట్టింది. 'తెల్లవాళ్ళు' అని చట్టాల్లో రాసుకోవడం ఆ వెనకాలే వచ్చింది.

మనవాళ్ళ గడి కూడా కుదురుగా ఒకచోట లేదు. 1970 జనాభా లెక్కల్లో అమెరికాలోని భారతీయుల్ని తెల్లవాళ్ళ కింద రాశారు. మైనారిటీగా గుర్తించమని మన సంఘాలే అడిగితే 1980లో 'ఏషియన్ ఇండియన్' వచ్చింది. ఒకే ఇంట్లో అదే మనిషి, పదేళ్ళలో రేస్ మారింది. ఇరాన్, అరబ్ దేశాలవాళ్ళకి వేరే గడి పెడతామని 2024లో గానీ ప్రకటించలేదు, అప్పటిదాకా ఫారం ప్రకారం వాళ్ళు తెల్లవాళ్ళు. 2017లో కాన్సస్‌లోని ఓలేతేలో మన హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చినవాడు, తను ఇరాన్ వాళ్ళని కాల్చానని చెప్పుకున్నాడు. ఫారంలో ఏ గడిలో ఉన్నా ఆ రోజు అది ఆయన్ని కాపాడలేదు.

సిరిమల్లె
అందరికీ దండం. శుక్రవారం ఆఖరి తేదీ. ఏషియన్ అనే పెట్టాను, వాళ్ళు చూసి నింపడం నాకు ఇష్టం లేదు. నర్స్ గారి మాట కూడా ఆలోచించాను, లెక్కలో వాడు ఉండాలి. ఫారం మడుస్తుంటే బాబు వచ్చి చూశాడు. రంగుల పేర్లు చదవడం వచ్చింది వాడికి. "అమ్మా, వైట్ ఉంది, బ్లాక్ ఉంది, నేను బ్రౌన్ కదా, ఏదీ?" అన్నాడు. వాడి క్రేయాన్ల డబ్బాలోంచి బ్రౌన్ తీసి నా చేతిలో పెట్టాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. వాడి డేకేర్ ఫ్రెండ్ నల్లబ్బాయి. పుట్టినరోజుకి పిలుద్దామంటే మా ఇంట్లో నసిగారు, నేనూ గట్టిగా మాట్లాడలేదు. ఈసారి పిలుస్తున్నాను. అత్తయ్యే వాళ్ళమ్మకి ఫోన్ చేస్తానంటున్నారు.

బాపట్ల తమ్ముడూ, మీ తాతగారి పాస్ లాంటివి ఏమైనా మిగిలాయా?

బాపట్ల_తీరం
ఒక్కటుంది అక్కా. ట్రంకుపెట్టెలో అడుగున, బైబిల్లో పెట్టి ఉంచారు. మడతల దగ్గర చిరిగిపోయింది. పేరు, తండ్రి పేరు, ఒంటి మీద గుర్తులు, ఏ ఊరికి, ఎన్ని రోజులకి. కింద వేలిముద్ర. తాత సెటిల్మెంట్ బడిలోనే చదువుకున్నాడు, ఆ బైబిల్ మొదటి పేజీలో ఆయన సంతకం గుండ్రంగా, చాలా బాగుంటుంది. అయినా వేలిముద్రే తీసుకున్నారు. రేపు పగటి వెలుగులో రెండిటికీ ఫొటో తీసి ఇక్కడ పెడతాను.